డ్యూమా మహాశయుని జమాఖర్చులు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున, సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలు అడంగళ్లు, చిట్టాలు సరిచూచుకొనుచు, రాత్రివేళ దీపము ముందు పుస్తకము విప్పుకొని, గురువు లేకయే నాలుగక్షరములు నేర్చుకొన్నవాడను. అయినను ఒక్క సంగతి ఎఱుగుదును. మన బీరువాలలో అన్నింటికంటె ముందుగా అట్టలూడి అంచులు నలుగునవి చారిత్రక నవలలే. అంతఃపుర రహస్యములు, మాఱువేషములు, దొంగలేఖలు, గూఢచారులు, ప్రాణములకు తెగించు ప్రేమికులు గల కథను చేతబట్టినవారు సగములో విడుచుట అరుదు. ఆంగ్లమున స్కాటు ఈ మార్గమును తీర్చగా, దానిని రాజపథముగా జేసి లోకమునెల్ల నడిపించినవాడు ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా. ఆయన చరిత్రమును మన గ్రామస్థులకు విన్నవించుట నా కోరిక.

డ్యూమా 1802వ సంవత్సరము జూలై 24వ తేదీన, పారిసు నగరమునకు ఈశాన్యమున నున్న విల్లెర్ కోత్రె అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన కథకు ముందు తండ్రి కథ చెప్పవలయును. తండ్రి తోమా అలెగ్జాండర్ 1762లో, కరీబియను సముద్రమునందు నాడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన సాన్ డొమాంగ్ సీమలో పుట్టెను. ఆ సీమనే నేడు హైతి యందురు. తోమాను కన్న తండ్రి ఫ్రెంచి ప్రభువు; కన్న తల్లి మరీ సెసెట్ అను నల్లజాతి బానిస స్త్రీ. ప్రభువు కుమారుని ఫ్రాన్సునకు రప్పించి విద్య చెప్పించెను. కాని ఆ కుమారుడు 1786లో సామాన్య సైనికుడుగా చేరునప్పుడు తండ్రి వంశనామమును విడిచి, తల్లి పేరైన డ్యూమా అనుదానినే తన పేరుగా వ్రాయించుకొనెను. బానిసగా అమ్ముడువోయిన ఒక స్త్రీ పేరు ఈనాడు లోకములోని గ్రంథాలయములన్నింట నిలిచియుండుటకు కారణమిదియే.

ఆ సైనికుడు తన పరాక్రమము చేతనే 1793 నాటికి సేనాధిపతి యయ్యెను. 1798లో నెపోలియను వెంట ఐగుప్తు దండయాత్రకు వెళ్లి, అచ్చట అతనితో మాట పట్టింపు వచ్చి, మరుసటి సంవత్సరము తిరుగు ప్రయాణమయ్యెను. దారిలో ఓడ పాడగుటచే నేపుల్సు రాజ్యములోని టారెంటో రేవున దిగవలసివచ్చెను. అచ్చటి రాజు ఫ్రాన్సునకు శత్రువు. సేనానిని చెఱసాలలో వైచి రెండేండ్లుంచెను. 1801లో విడుదలయగునప్పటికి ఆ మహాబలుని ఆరోగ్యము పూర్తిగా చెడెను. 1806లో ఆయన మరణించునాటికి కుమారునకు నాలుగేండ్లైనను నిండలేదు. నెపోలియను ప్రభుత్వము ఆ వితంతువునకు భృతి యియ్యలేదు.

పూటబత్తెపు సత్రము నడుపువాని కుమార్తె యగు ఆ తల్లి పేదరికముతోనే బిడ్డను పెంచెను. బాలునకు చదువంతగా అబ్బలేదు; లెక్కలు అసలే అబ్బలేదు. కాని దస్తూరి మాత్రము ముత్యములవలె నుండెడిది. ముందు ఒక నోటరీ యొద్ద గుమాస్తాగా పనిచేసి, 1823లో పారిసు చేరెను. తండ్రికి పరిచితుడైన ఒక సేనాని యా దస్తూరిని చూచి సిఫారసు చేయగా, ఓర్లియన్సు ప్రభువు కచ్చేరిలో సాలునకు 1200 ఫ్రాంకుల జీతముపై నకళ్లు వ్రాయు ఉద్యోగము దొరకెను. పగలు నకళ్లు వ్రాయుచు, రాత్రులు చరిత్ర గ్రంథములను, నాటకములను చదివి, తనకు లోపించిన విద్యను తానే పూరించుకొనెను. 1829లో మూడవ హెన్రీ రాజును గూర్చి ఆయన వ్రాసిన నాటకము పారిసులోని ప్రధాన నాటకశాలలో ప్రదర్శింపబడి, ఒక్క రాత్రిలో ఆయనకు కీర్తి తెచ్చెను.

1836లో పారిసు నగరమున తక్కువ చందాతో దినపత్రికలు వెలువడసాగెను. చందాదారులను నిలుపుకొనుటకు వారు కనుగొనిన ఉపాయము ధారావాహిక నవల. ప్రతిదినము కొంత కథ. చివర ఒక చిక్కు. ఆ చిక్కు విడుటకు మరునాటి పత్రిక కొనవలయును. ఈ విద్యలో డ్యూమాను మించినవాడు లేడు. పంక్తికింత అని పత్రికలవారు ఆయనకు సొమ్ము చెల్లించిరి.

ఆయన ప్రసిద్ధ నవల త్రీ మస్కటీర్సు 1844లో మార్చి మొదలు జూలై వరకు ల సియేక్ల్ అను పత్రికలో వెలువడెను. దీనికి మూలము 1700లో అచ్చయిన ఒక పాత పుస్తకము. దార్తాన్యా అను రాజభటుని స్వీయచరిత్రమను పేర మరియొకడు కల్పించి వ్రాసినది. దార్తాన్యా నిజముగా జీవించిన వీరుడే. 1673లో మాస్త్రిక్టు కోట ముట్టడిలో మరణించెను. ఆ పుస్తకమును డ్యూమా మార్సేల్ నగర గ్రంథాలయమునుండి ఎరువు తెచ్చుకొని మరల ఇయ్యనే లేదందురు. మన గ్రంథపాలకులు ఈ భాగమును కొంచెము చూచిచూడనట్లు విడువవలయును.

కథాసారమిది. ఫ్రాన్సు రాణి యగు ఆన్, తన్ను ప్రేమించిన ఇంగ్లండు మంత్రి బకింగ్‌హాం ప్రభువునకు పండ్రెండు వజ్రములు గల ఆభరణమును ఆనవాలుగా నిచ్చెను. మహామంత్రి రిషెల్యూ గూఢచారులు ఈ సంగతి పసిగట్టిరి. మంత్రి రాజును ప్రేరేపించి, రాబోవు నృత్యోత్సవమునకు రాణి ఆ నగనే ధరించి రావలెనని ఆజ్ఞ యిప్పించెను. ఈలోగా మిలేడీ యను సౌందర్యవతి యగు గూఢచారిణి లండనులో రెండు వజ్రములను కత్తిరించి అపహరించెను. దార్తాన్యా సముద్రము దాటి పోయి, కొత్తగా చేయించిన రెండు వజ్రములతో నగను పూర్తి చేయించి, సకాలమునకు తెచ్చి రాణి మానము కాపాడెను. రాజు, రాణి, రిషెల్యూ, బకింగ్‌హాం చరిత్రలోనివారు. వారి నడుమ దారములు నేసినది కవి.

ఇది చదువునప్పుడు నాకు విశాఖదత్తుని ముద్రారాక్షసము తలపునకు వచ్చును. అచ్చట రాక్షసమంత్రి ముద్ర పడిన ఒక్క లేఖ, అతనిని నమ్మిన మలయకేతుని అతనికి శత్రువుగా మార్చెను. ఇచ్చట, దీనిని తెచ్చినవాడు చేసినదెల్ల నా యాజ్ఞచేతనే చేసెనను భావముతో రిషెల్యూ వ్రాసి మిలేడీకిచ్చిన కాగితము, తుదకు దార్తాన్యా చేతబడి, రిషెల్యూ యెదుటనే అతని ప్రాణము కాపాడెను. మన వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయములోని యుగంధరమంత్రి ఎత్తులను మెచ్చిన తెలుగువారికి ఈ ఫ్రెంచి కథ పరాయిగా తోచదు. ముద్ర యొక్కటి, సంతకమొకటి మనుష్యుని నిలుపగలదు, కూల్పగలదు. కాగితములతో బ్రదుకు నావంటివానికి ఇది బాగుగ తెలియును.

ఇక మనసునకు కష్టము కలిగించు విషయమును కూడ చెప్పకతప్పదు. ఈ నవలలలో అనేకము డ్యూమా ఒక్కడే వ్రాసినవి కావు. ఔగుస్త్ మాకే యను చరిత్రోపాధ్యాయుడు ఆయనకు తోడుగా నుండెను. 1842లో పుస్తకముగా వచ్చిన షెవలియే దార్మెంతాల్ అను నవల మొదట మాకే వ్రాసిన చిన్న కథయే. రాజగ్రంథాలయమున నకళ్లు వ్రాసికొను బువా అను అమాయకుడు, ఎవరో ఇచ్చిన కాగితములకు నకలు వ్రాయుచు, 1718 నాటి స్పానిషు రాయబారి కుట్రను కనిపెట్టుట అందలి ముఖ్యాంశము. త్రీ మస్కటీర్సునకును, కౌంట్ ఆఫ్ మాంటి క్రిస్టోకును చరిత్రాంశములు వెదకి, కథాక్రమము ఏర్పఱచి, చిత్తు వ్రాసినవాడు మాకే. ఆ చిత్తును తన చేతితో మరల వ్రాసి, సంభాషణలు పెంచి, పాత్రలకు ప్రాణము పోసినవాడు డ్యూమా. అట్టమీద మాత్రము ఒక్కని పేరే యుండెను. డ్యూమా పేరునకే చందాదారులు వత్తురని పత్రికాధిపతుల లెక్క. చెల్లవలసిన సొమ్ము చెల్లకపోవుటచే మాకే న్యాయస్థానమునకు పోయెను. 1858లో న్యాయస్థానము అతనికి సొమ్ము రావలసియున్నదని యొప్పుకొనెను గాని, గ్రంథకర్తగా పేరు మాత్రము ఇప్పింపలేదు.

మన అడంగలులో పట్టాదారునకొక గడి, సాగుదారునకొక గడి యుండును. పట్టా డ్యూమాదే కావచ్చును. మాకే లేక వ్రాసిన రచనలందును ఆయన ప్రతిభ కానవచ్చును. కాని రెండవ గడిలో మాకే పేరు ఉండవలసినదేయని నా అభిప్రాయము. బానిస తల్లి పేరు చెఱగిపోరాదని తండ్రి తలచిన యింటిలో, కుమారుని పుస్తకములపై తోడివాని పేరు చెఱగిపోవుట విచారకరము.

అయితే డ్యూమాపై నింద వేసినవారందఱు న్యాయము కోరినవారు గారు. 1845లో మిరెకూర్ అనువాడు ఒక చిన్న పుస్తకము వ్రాసి, డ్యూమా నవలల కర్మాగారము నడుపుచున్నాడని యాక్షేపించుటతో ఆగక, ఆయన నల్లజాతి పుట్టుకను నీచముగా నెగతాళి చేసెను. డ్యూమా అభియోగము తేగా అతనికి శిక్షపడెను. కీర్తి శిఖరమున నున్నప్పుడును డ్యూమా ఇట్టి పరిహాసములను వినుచునే జీవించెను. 1843లో వ్రాసిన జార్జి అను నవలలో, వర్ణభేదముచే అవమానింపబడిన యువకునే నాయకునిగా జేసెను.

సంపాదన అపారము, వ్యయము అంతకు మించినది. కౌంట్ ఆఫ్ మాంటి క్రిస్టో 1844 మొదలు 1846 వరకు వెలువడెను. ఆ ధనముతో పారిసు సమీపమున మాంటి క్రిస్టో పేరనే ఒక భవనము కట్టించి, 1847లో వందలకొలది అతిథులతో గృహప్రవేశము చేసెను. వాకిట నిలిచిన యాచకుడు, మిత్రుడు, మిత్రుని మిత్రుడు, ఎవ్వరును రిక్తహస్తములతో పోలేదు. ఆ యేడే సొంత నాటకశాల తెఱచెను. 1848లో విప్లవము వచ్చి ఆదాయము పడిపోయెను. 1849లో భవనము కారుచౌకగా అమ్ముడువోయెను. నాటకశాల దివాలా తీసెను. 1851లో అప్పులవారికి వెఱచి బెల్జియమునకు తరలి, అచ్చటను వ్రాయుచునే యుండెను.

ఒక్క ఋణమును మాత్రము ఆయన మఱువలేదు. 1860లో ఇటలీ స్వాతంత్ర్యవీరుడు గరిబాల్డీ, నేపుల్సు రాజవంశముపై కత్తి దూసెను. తండ్రిని చెఱబెట్టినది ఆ రాజవంశమే. యాత్రకై దాచుకొన్న సొమ్ముతో డ్యూమా తుపాకులు కొని గరిబాల్డీకి చేర్చెను. నేపుల్సు పట్టుబడిన పిదప అచ్చటనే యుండి ఒక పత్రిక నడపెను. నవలలోని పగసాధింపు ఆయన జీవితమునందును జరిగెను. అయితే ఈ పగలో ఒక దేశపు స్వాతంత్ర్యము కలిసియుండెను.

1870వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, ఫ్రాన్సు జర్మను యుద్ధమున ఓడిపోవుచున్న దినములలో, సముద్రతీరమునందు కుమారుని యింట డ్యూమా కన్నుమూసెను. అంత్యదినములలో ఆయన తన కడపటి బంగారు నాణెమును చూపి, పారిసునకు వచ్చిననాడు నాయొద్ద నొక్కటి యుండెను, నేడును ఒక్కటి యున్నది గదా, నన్ను దుబారా మనిషియని ఎట్లందురని నవ్వెనని ప్రతీతి. ప్రారంభపు నిల్వ, ఆఖరు నిల్వ సరిపోయినవి. నడుమ ఖర్చుపడినది మాత్రము మనకు చేరినది. మరణించిన 132 ఏండ్లకు, 2002 నవంబరు 30న, ఫ్రెంచి ప్రభుత్వము ఆయన అస్థికలను స్వగ్రామమునుండి తెచ్చి, మహాపురుషులకు నిలయమగు పాంథియను మందిరమున సగౌరవముగా నుంచెను. బానిస స్త్రీ మనుమనికి ఆ గౌరవము దక్కుట ఆలస్యమైనను ముదావహము.

చదువరులారా, చదువు చాలనివాడు చదివి చదివి ఎంతవాడగునో ఈ చరిత్రము తెలుపుచున్నది. అట్టి చదువునకు చోటిచ్చునది గ్రంథాలయము. దీనిని పోషింపుడు. ఎరువు తీసికొన్న పుస్తకమును గడువునాటికి తిరిగి చేర్పుడు. త్రీ మస్కటీర్సు వంటి గ్రంథమును వ్రాసి యియ్యగలవారికి మాత్రము, కార్యనిర్వాహకులు అనుమతించినచో, కొంత సడలింపు ఉండవచ్చును.