సముద్రం దాటి పోయి పార్లమెంటుకు వచ్చిన గాం మల్లుదొర

ఈసారి గోడపత్రికలో నేను గాం మల్లుదొర గారి జీవితం రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

దొర అనే పేరు చూసి మొదట ఆయన బంగళా ఉండే షావుకారేమో అనుకున్నాను. కాదంట. విశాఖ మన్యంలో గిరిజనుల పేర్ల చివర దొర అని వస్తుంది. ఆయన మన మాదిరి గిరిజనుడే. ఆయన అన్న గాం గంటందొర. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడిన ఈ అన్నదమ్ముల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అప్పటినుంచి పోడు కొట్టకూడదు, పశువుల్ని మేపకూడదు అని కట్టడి పెట్టినారు. అడవినే నమ్ముకున్నోళ్లు ఏమి తిని బతకాల? దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండల్లో రోడ్డు వేయించేటప్పుడు గిరిజనులతో గొడ్డుచాకిరి చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. గంటందొర బట్టిపనుకులలో మునసబు. ఆయన పనీ పోయింది. ఇన్ని బాధలు పడినాక అన్నదమ్ములిద్దరూ సీతారామరాజుతో కలిసినారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకొని పోయినారు. ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సు వాళ్లను కొండల మీదికి పంపింది. ఊర్లోవాళ్లు అన్నం పెట్టినా తప్పే అన్నారు. 1923లో మల్లుదొర దొరికిపోయినాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చేసినారు. జూన్‌లో అన్న గంటందొర కూడా చనిపోయినాడు. ఇద్దరూ లేరు. మల్లుదొర మాత్రం జైల్లో ఉన్నాడు.

ఆయనకు అండమాన్ శిక్ష వేసినారు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 నుంచి ఇంగ్లీషువాళ్లు ఖైదీలను ఆ దీవులకు పంపినారు. మద్రాసు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైనే సముద్రం. అక్కడి సెల్యులార్ జైలు 1906కు కట్టడం అయిపోయింది. ఏడు వరసలు, దాదాపు 700 గదులు. ఒక్కో గదిలో ఒక్క మనిషే. ఎదురుగా ఇంకో వరస వీపు మాత్రం కనిపిస్తుంది, మనిషి ముఖం కనిపించదు. ఖైదీల చేత గానుగ తిప్పించి నూనె తీయించేవాళ్లు, కొబ్బరి పీచు కొట్టించేవాళ్లు. జనం దాన్ని కాలాపానీ అన్నారు. మన దేశంలోనే కాదు, ఇంగ్లీషువాళ్లు తమ ఖైదీలను ఆస్ట్రేలియాకు కూడా 1788 నుంచి 1868 దాకా పంపినారు. ఐర్లండులో తిరగబడినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

కొండలో పుట్టినవాడికి ఆ సముద్రం ఎట్లుండిందో అని నేను ఆలోచిస్తాను. హాస్టల్‌కు వచ్చిన మొదటి వారం నేనే రోజూ ఏడ్చినాను. నాకు సెలవులకు ఇల్లుంది. ఆయనకు తిరిగి వస్తాననే నమ్మకం కూడా లేదు.

కానీ ఆయన తిరిగి వచ్చినాడు. 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా నిలబడి లోక్‌సభకు గెలిచినాడు. ఆ నియోజకవర్గంలో అప్పుడు ఇద్దరు సభ్యులు, రెండో ఆయన లంకా సుందరం. రాజద్రోహి అని సముద్రం దాటించిన మనిషినే జనం ఢిల్లీకి పంపినారు!

ఇది నేనెందుకు రాస్తున్నానంటే, మేము ఎరుకలోళ్లం. మా అవ్వ వాళ్ల నాయన ఏ తప్పూ చేయకపోయినా రాత్రి స్టేషన్‌కు పోయి కనపడి రావల్సి ఉండిందంట. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద మా కులమంతా పుట్టుకతోనే దొంగలని పేర్లు రాసి, వేలిముద్రలు తీసుకునేవాళ్లు. మద్రాసు రాష్ట్రంలో దాన్ని ముందే తీసేసినారు, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. మల్లుదొర గెలిచిన సంవత్సరమే అది.

చట్టం పోయింది కానీ మాట పోలేదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక అంగట్లో ఏదో వస్తువు కనపడలేదని, నలుగురు పిల్లల్లో నా సంచి ఒక్కటే వెతికినారు. ఏమీ దొరకలేదు. అవ్వ ఒక్క మాట అనలేదు, నా చెయ్యి పట్టుకొని బయటికి తెచ్చింది. ఆ రోజు నాకు చచ్చేంత సిగ్గయింది. మల్లుదొర కథ చదివినాక ఆ సిగ్గు నాది కాదని తెలిసింది. ప్రభుత్వం రాసిన పేరు ఒకటి, మనిషి వేరు.

మా అవ్వ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. ఈసారి ఇంటికి పోయినప్పుడు ఆమెకు సంతకం నేర్పిస్తాను. మీరు కూడా మీ ఇంట్లో ఒకరికి నేర్పించండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని