ఓలే ఎవిన్‌రూడ్

ఓలే ఎవిన్‌రూడ్ (ఏప్రిల్ 19, 1877 - జూలై 12, 1934) నార్వేలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యంత్ర నిర్మాత. పడవ వెనుక అంచుకు తగిలించి, పని ముగిసిన పిదప విప్పి తీసుకుపోగల ఔట్‌బోర్డ్ మోటారును సామాన్యులకు అందించినవాడుగా ప్రసిద్ధుడు. ఇటువంటి మోటారును మొట్టమొదట కనిపెట్టినవాడు ఈయనే అని కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది. అది సరికాదు. కామెరాన్ వాటర్‌మన్ వంటివారు అంతకు ముందే వాటిని తయారు చేసి అమ్మారు. చేతితో తిప్పగానే అందుకొనే మోటారు కోసం జీవితమంతా శ్రమించడం ఎవిన్‌రూడ్ ప్రత్యేకత.

బాల్యము

ఈయనకు సుమారు ఐదేళ్ళ ప్రాయంలో కుటుంబం అమెరికాకు వలస వచ్చి, విస్కాన్సిన్ రాష్ట్రంలో రిప్లీ సరస్సు సమీపాన వ్యవసాయం చేపట్టింది. బాలుడు రహస్యంగా కట్టుకొన్న తొలి పడవను తండ్రి విరగగొట్టాడనీ, అతడు మరల ఇంకొకటి కట్టాడనీ చెబుతారు. పదహారేళ్ళ వయసులో మాడిసన్ నగరానికి పోయి యంత్రశాలలలో పనికి కుదిరాడు. చదువు చాలావరకు స్వయంకృషితో నేర్చినదే. తరువాత మిల్వాకీలో పాటర్న్ మేకరుగా (పోతపోయుటకు కొయ్య అచ్చులు చేసేవాడు) పేరు తెచ్చుకొన్నాడు.

తొలి మోటారు

1906లో ఒక విహారయాత్రలో బెస్ కేరీ కోసం ఐస్‌క్రీమ్ తెచ్చుటకు తెడ్లు వేసుకుంటూ పోయి వచ్చేసరికి అది కరిగిపోయిందనీ, మోటారు ఆలోచన అప్పుడే కలిగిందనీ కథ ప్రచారంలో ఉన్నది. ఆ ఏడే బెస్‌తో వివాహం జరిగింది. 1909లో అమ్మకానికి వచ్చిన మోటారు శక్తి 1.5 అశ్వశక్తి, బరువు 62 పౌండ్లు (సుమారు 28 కిలోలు), ధర 62 డాలర్లు. ప్రకటనలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, లెక్కలు అన్నీ బెస్ చూసుకొనేది. వ్యాపారం పెరిగిన కొలదీ ఆమె ఆరోగ్యం క్షీణించింది. ఆమె కోసం 1914లో తన వాటాను భాగస్వామి క్రిస్ మేయర్‌కు అమ్మివేసి, ఐదేళ్ళు ఈ వ్యాపారంలోకి రానని ఒప్పుకొన్నాడు. తన పేరున్న సంస్థ పరుల పాలయింది.

ఎల్టో

గడువు తీరిన పిదప అల్యూమినియంతో రెండు సిలిండర్ల మోటారు రూపొందించి, 1921లో ఎల్టో పేరుతో విడుదల చేశాడు. శక్తి 3 అశ్వశక్తి, బరువు 48 పౌండ్లే. పాత సంస్థ మోటార్లలో అప్పటికి ఫ్లైవీల్ మాగ్నెటో వాడుకలో ఉంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం తీగచుట్టను దాటే వేగాన్ని బట్టి అందులో వోల్టేజి పుడుతుంది. చేతితో నెమ్మదిగా తిప్పితే స్పార్క్ బలహీనం. అందుచేత ఎల్టోలో డ్రై బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ పెట్టారు. ఎంత మెల్లగా తిప్పినా స్పార్క్ తగ్గదు, కాని తడిసిన బ్యాటరీ, పాతబడిన బ్యాటరీ అక్కరకు రావు. రెండింటిలోనూ లోపం ఉన్నమాట నిజమే. ఎల్టో మాత్రం ఇట్టే స్టార్టవుతుందన్న పేరు సంపాదించింది.

చివరి దశ

1929లో ఎల్టో, ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ సంస్థలు విలీనం కాగా తన పేరున్న సంస్థ తిరిగి ఆయన నాయకత్వం కిందికి వచ్చింది. కాని వెంటనే ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. 1933లో బెస్, మరుసటి ఏడు ఓలే మరణించారు. కుమారుడు రాల్ఫ్ సంస్థను కొనసాగించాడు. దాని వారసురాలైన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000లో దివాలా తీయగా బొంబార్డియర్ సంస్థ 2001లో కొన్నది. 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ నిలిచిపోయింది.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో బలహీనమైన స్పార్క్

1960ల చివరి నుండి పడవ మోటార్లలో సి.డి.ఐ. పద్ధతి ప్రవేశించింది. ఫ్లైవీల్ కింది ఛార్జ్ కాయిల్ ఒక కెపాసిటర్‌ను 200 - 300 వోల్టుల వరకు నింపుతుంది. ట్రిగ్గర్ సంకేతంతో అది ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌లోకి ఖాళీ అయి వేల వోల్టులుగా మారి ప్లగ్‌కు చేరుతుంది. ఇక్కడ కూడా ఎవిన్‌రూడ్ నాటి నియమమే వర్తిస్తుంది. తాడు మెల్లగా లాగినా, స్టార్టర్ బ్యాటరీ నీరసించినా స్పార్క్ తగ్గుతుంది. కనుక కాయిళ్ళు కొనడానికి ముందు తిరిగే వేగం చూడాలి. గోదావరికి దూరంగా ఉన్న జనగామ, మహబూబాబాద్ విద్యార్థులు కిక్ కొట్టి నడిపే పాత మోటారు సైకిళ్ళలో ఇదే గమనించవచ్చును.

తరువాత స్టాప్ స్విచ్ తీగను విడదీసి చూడాలి. అది తుప్పుపట్టి లోలోపల ఎర్త్ అవుతుంటే స్పార్క్ చచ్చిపోతుంది. ఎర్త్ కనెక్షన్లు శుభ్రపరచాలి. అన్ని సిలిండర్లకూ స్పార్క్ బలహీనమైతే స్టేటర్, ఎర్త్, స్టాప్ తీగలను అనుమానించాలి. ఒక్కదానికే అయితే ఆ సిలిండర్ ప్లగ్, తీగ, కాయిల్. పక్క కాయిల్‌తో మార్చి చూస్తే తేలిపోతుంది. బయట గాలిలో ప్లగ్ మెరిసినంత మాత్రాన సరిపోదు. సిలిండర్‌లోని ఒత్తిడిలో ఎక్కువ వోల్టేజి కావాలి కనుక ఖాళీ ఎక్కువగా ఉండే టెస్టరుతో చూడడం మేలు. మామూలు మీటరు ఈ క్షణిక వోల్టేజిని చూపలేదు, పీక్ వోల్టేజి అడాప్టరు అవసరం. పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఈ పరీక్షలు చేయరాదు. కెపాసిటర్ షాక్ ప్రమాదకరం.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం వద్ద, వంతెన రాకముందు, జనం సిరొంచకు పడవలలోనే దాటేవారు. ప్రాణహిత వచ్చి కలిసే ఆ ప్రవాహంలో ఆగిపోయిన ఇంజను పడవను కిందికి కొట్టుకుపోనిస్తుంది. అందుకే ఈ పరీక్షలన్నీ ఒడ్డున ఉండగానే పూర్తి చేసుకోవాలి, పడవలో తెడ్లు ఉంచుకోవాలి.