కష్టకాలంలో రాముణ్ణి విడవని రామదాసు

ఇంట్లో మనిషి మంచం పట్టినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా రాముడిదే భారమని దణ్ణం పెట్టుకోవడం మన పల్లెల్లో తాతల నాటి అలవాటు. ఆ నమ్మకాన్ని బిడ్డ ఆపదలోనూ, తన చెరలోనూ వదలని భక్తుడు రామదాసు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించారు. ఈ ఊరు ఇప్పుడు ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని చెబుతారు. వారి మాట సాయంతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం దొరికింది.

భద్రాచలంలో గోదావరి ఒడ్డున పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి కొలుస్తున్న రాముడికి గుడి కట్టాలని గోపన్న పూనుకున్నారు. చందాలు చాలలేదు. శిస్తుగా వసూలైన సర్కారు సొమ్ము 6 లక్షల వరహాలు గుడికి, నగలకు ఖర్చు చేశారని ప్రతీతి.

ఆ రోజుల్లోనే ఆయన ఇంట పెద్ద ఆపద వచ్చిందని హరిదాసులు చెబుతారు. అన్నదానం జరుగుతుండగా పసివాడైన కొడుకు వేడి గంజి గుంటలో పడి ప్రాణం విడిచాడు. పంక్తిలో కూర్చున్నవారు అన్నం ముందు నుంచి లేవకూడదని తల్లి కమలమ్మ కడుపుకోతను దిగమింగుకున్నారు. భోజనాలయ్యాక సంగతి తెలిసిన గోపన్న బిడ్డను తెచ్చి రాముడి ముందు పడుకోబెట్టి మొరపెట్టుకున్నారు. బిడ్డ కళ్లు తెరిచాడని భక్తుల విశ్వాసం.

అయితే అదే గోపన్న తన చెర విడిపించమని వేడుకుంటే ఆ పిలుపు వెంటనే అందలేదు. సర్కారు సొమ్ము వాడుకున్న నేరానికి తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించారు. భార్యాబిడ్డలు బయట, ఆయన చీకటి కొట్టులో. కొరడా దెబ్బలు తిన్నారు. అలా 12 ఏళ్లు గడిచాయని అంటారు.

ఆ చెరలో పాడినవిగా చెప్పే కీర్తనల్లో ఆయన తన బాధను దాచుకోలేదు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి రాముణ్ణి నిలదీశారు. కోపం పట్టలేక తిట్టారు. దెబ్బలకు తాళలేక తిట్టానని మళ్లీ తానే క్షమించమన్నారు. భర్తకు ఒక మాట చెప్పి తనను కాపాడమని సీతమ్మ తల్లినీ బతిమాలుకున్నారు. అలిగినా, ఏడ్చినా రాముడితోనే. పిలవడం మాత్రం మానలేదు.

చివరకు రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి తానీషాకు పైకం చెల్లించి, రసీదు తీసుకున్నారని కథ. మర్నాడు తానీషా గోపన్నను గౌరవంగా విడుదల చేశారు. ఆయన భద్రాచలం చేరి శేషజీవితం రాముడి సేవలోనే గడిపారు.

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానాను నేటికీ చూడవచ్చు. గోడ మీద దేవుళ్ల బొమ్మలున్నాయి. వాటిని ఆయనే చెక్కారని చెబుతారు. తానీషా కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆనవాయితీ ప్రకారం శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు అందుతున్నాయి.

ఇంట్లో రోగులను పెట్టుకుని మొక్కుకునే వారికి రామదాసు కథలో బిడ్డ బతికిన ఘట్టమే ముందు గుర్తుకు వస్తుంది. బిడ్డ విషయంలో ఒక్క పూటలో విన్న దేవుడు ఆయన విషయంలో పన్నెండేళ్లు తీసుకున్నాడు. మందు వేస్తూ, రాత్రంతా మేలుకుని, ఇంకా మేలు కనబడక దిగులుపడే ఇళ్లకు ఆ పన్నెండేళ్ల కథే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.