కాల్చిన మట్టి కొవ్వొత్తి: చార్లెస్ చాంబర్లాండ్ జీవితం

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. మాది కాలువ కింద వ్యవసాయం. కాలువ నీళ్ళే తెచ్చుకుని, కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, తేటపడ్డాక తాగేవాళ్ళం. తేటనీళ్ళంటే మంచినీళ్ళనే మా నమ్మకం. ఒక ఏడు ధాన్యం అమ్మిన డబ్బుతో నాన్న స్టీలు ఫిల్టరు కొన్నాడు. అందులో తెల్లటి క్యాండిల్స్ రెండు. కొత్తలో అమ్మ వాటిని శ్రద్ధగా కడిగేది. తరవాత కోతలు, నూర్పిళ్ళు వచ్చి పడ్డాయి. ఫిల్టరు మూత తీసి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. తమ్ముడు మంచం పట్టాక నేను మూత తీసి చూస్తే క్యాండిల్స్ మీద జిగటగా పాకుడు పట్టి ఉంది. జ్వరం ఆ నీళ్ళ వల్లే వచ్చిందో, బయటెక్కడో తాగిన నీళ్ళ వల్ల వచ్చిందో చెప్పలేను. ఆ పాకుడు మాత్రం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

డిగ్రీలో చేరాక ల్యాబులో ఆటోక్లేవు చూశాను. దాని చరిత్ర చదువుతుంటే ఒక పేరు తగిలింది. మా ఇంటి క్యాండిల్ చరిత్ర వెతికితే మళ్ళీ అదే పేరు. ఆయనే చార్లెస్ చాంబర్లాండ్.

ఆయన 1851లో ఫ్రాన్సు దేశంలో, జూరా ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. లూయీ పాశ్చర్‌దీ ఆ ప్రాంతమే. పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో చదువుకుని, పాశ్చర్ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. నీళ్ళు మరగబెడితే సూక్ష్మజీవులన్నీ చస్తాయని అప్పట్లో చాలామంది అనుకునేవారు. కొన్ని బాక్టీరియాల స్పోరులు మరిగే నీళ్ళలో కూడా బతుకుతాయని, నూరు డిగ్రీలు దాటిన వేడి కావాలని చాంబర్లాండ్ పరిశోధన తేల్చింది. 1879లో ఆయన సమర్పించిన థీసిస్ సూక్ష్మజీవుల గురించే. ఆవిరిని ఒత్తిడిలో బంధించి వేడి పెంచే ఆటోక్లేవు ఆ పనిలోంచే పుట్టింది.

1881లో పుయీ-ల-ఫోర్ అనే పల్లెలో గొర్రెల మీద దొమ్మరోగం టీకా పరీక్ష జరిగింది. రైతులు, పశువైద్యులు, పత్రికలవాళ్ళు చూస్తుండగా టీకా వేసిన గొర్రెలు నిలబడ్డాయి, వేయనివి చచ్చిపోయాయి. పాశ్చర్ పేరు దేశమంతా మార్మోగింది. అయితే ఆ రోజు వాడిన టీకా, పొటాషియం డైక్రోమేటుతో క్రిములను బలహీనపరిచే పద్ధతిలో చాంబర్లాండ్ తయారుచేసినదని పాశ్చర్ నోటుపుస్తకాలు పరిశీలించినవారు చాలా ఏళ్ళ తరవాత బయటపెట్టారు. అప్పట్లో ఆ సంగతి లోకానికి స్పష్టంగా చెప్పలేదు. విత్తు ఒకరిది, పంట పేరు ఇంకొకరిది కావడం మా రైతులకు కొత్త కాదు. చాంబర్లాండ్ మాత్రం పని మానలేదు.

ఆయన పేరును నిలబెట్టింది మాత్రం ఒక మట్టి గొట్టం. 1884లో, గ్లేజు పూయకుండా కాల్చిన పింగాణీతో, ఒక చివర మూసిన గొట్టం చేసి దాన్ని వడపోతగా ప్రకటించాడు. ఫ్రెంచివాళ్ళు దాన్ని బూజీ అన్నారు, అంటే కొవ్వొత్తి. మన కొట్లలో అడిగే క్యాండిల్ అన్నా అదే అర్థం. ఆ గొట్టాన్ని లోహపు తొడుగులో పెట్టి కుళాయికి బిగిస్తారు. నీటి ఒత్తిడికి నీళ్ళు బయటి నుంచి గొట్టం గోడలోకి చొరబడి, లోపలికి చేరి, కింది నుంచి కారతాయి.

మట్టికి అంత శక్తి ఎక్కడిది? కాల్చినప్పుడు మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కాని మధ్యలో సందులు మిగులుతాయి. మెత్తటి మట్టి వాడి, సరైన వేడిలో కాలిస్తే ఆ సందులు మైక్రాను కంటే సన్నగా వస్తాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. టైఫాయిడ్ క్రిమి లావు సుమారు అర మైక్రాను. పైగా ఆ సందులు తిన్నగా ఉండవు, వంకర టింకర దారులు. క్రిమి ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది, నీళ్ళు సాగిపోతాయి. గ్లేజు పూస్తే ఈ దారులన్నీ మూసుకుపోతాయి. మన కుండ నీళ్ళను చల్లబరిచేదీ ఈ సందులతోనే, కాని వాటి మీద ఇంత అదుపు ఉండదు.

ఇక్కడే ఒక చిక్కుంది. చిక్కుకున్న క్రిమి చావదు. క్యాండిల్‌ను శుభ్రం చేయకపోతే కొన్నాళ్ళకు క్రిములు గోడలోనే పెరిగి అవతలికి చేరతాయి. అందుకే ఆ గొట్టాలను తరచు బ్రష్షుతో తోమి, మరగబెట్టడమో కాల్చడమో చేసేవారు. మా ఇంట్లో జరగనిది అదే.

దాటిపోయేవి కూడా ఉన్నాయని తరవాత తెలిసింది. 1888లో రూ, యెర్సిన్ డిఫ్తీరియా క్రిములు పెరిగిన ద్రవాన్ని ఈ గొట్టంలో వడగట్టారు. క్రిములు ఆగిపోయాయి, విషం మాత్రం దిగింది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ జబ్బుపడ్డ పొగాకు ఆకుల రసాన్ని వడగట్టినా ఆ రసం మంచి మొక్కలకు తెగులు తెప్పించింది. 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ పశువుల గాలికుంటు సంగతీ ఇలాంటి వడపోతలతోనే తేల్చారు. ఆపలేకపోయిన చోట కూడా ఆ మట్టి గొట్టం వైరసులనే కొత్త లోకానికి దారి చూపింది. కామెర్లు తెచ్చే వైరసు ఈ సందుల్లోంచి జారిపోగలదు. అందుచేత అనుమానం ఉన్న నీళ్ళు వడగట్టినా మరగబెట్టుకోవాలి.

చాంబర్లాండ్ 1885 నుంచి 1889 దాకా జూరా ప్రతినిధిగా ఫ్రెంచి పార్లమెంటులో కూర్చున్నాడు. 1888లో పాశ్చర్ సంస్థ తెరిచినప్పుడు ఆరోగ్య పరిరక్షణకు సూక్ష్మజీవశాస్త్రాన్ని అన్వయించే విభాగం ఆయన చేతిలో పెట్టారు. 1904లో ఆ సంస్థకు ఉపసంచాలకుడయ్యాడు. 1908లో, 57 ఏళ్ళకే, పారిస్‌లో కన్నుమూశాడు.

పాశ్చర్ పేరు తెలియని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. చాంబర్లాండ్ పేరు చెబితే తలలు ఊపేవాళ్ళు తక్కువ. ఆయన చేసిన పనిని మాత్రం ఎన్నో వంటింట్లో చూడొచ్చు. మిత్రులారా, యంత్రం కొన్నంత మాత్రాన నీళ్ళు శుభ్రం కావు. దాన్ని రోజూ గుర్తుపెట్టుకునే మనిషి ఒకడు కావాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆ మనిషి మా తమ్ముడే. ఆదివారం పొద్దున్నే క్యాండిల్స్ విప్పి, సబ్బు తగలకుండా మెత్తటి బ్రష్షుతో తోమి, మరగబెట్టి, వెంట్రుకంత పగులు కూడా లేదని వెలుతురులో తిప్పి చూసి మళ్ళీ బిగిస్తాడు. వాడికి చాంబర్లాండ్ ఎవరో ఈ సెలవుల్లో చెప్పాలి.