ధాన్యకటకంలో చదువుకున్న చైనా ఆచార్యుడు

మన సంఘ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మిత్రులు కోరగా, నాకు హ్యుయాన్‌త్సాంగ్ గుర్తుకు వచ్చారు. హర్షుని కాలంలో వచ్చిన చైనా యాత్రికుడని బడిలో చదివి, పరీక్ష రాసి మరచిపోయిన పేరే. డెబ్బై దాటిన తరువాత మళ్లీ చదివితే, పరాయి వారిని అర్థం చేసుకునే చదువు ఎట్లా ఉండాలో ఆయన జీవితమే చెబుతుందని తోచింది.

ఆయన క్రీ.శ. 600 ప్రాంతంలో లోయాంగ్ నగర సమీపంలో జన్మించారు. తండ్రి కన్ఫ్యూషియస్ గ్రంథాలలో పండితుడు. బాల్యంలో తండ్రి వద్ద ఆ గ్రంథాలే చదివారు. ఉత్తముడు నలుగురితో పొందికగా ఉంటాడు గాని, నలుగురూ ఒకే తీరుగా ఉండాలని కోరడు అన్నది కన్ఫ్యూషియస్ బోధలలో ఒకటి. పిన్న వయసులోనే బౌద్ధ సంఘంలో చేరినా, ఈ పునాది ఆయనలో నిలిచిందని నా అభిప్రాయం.

అప్పటికి చైనాలో ఉన్న బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. మూలం చూడనిదే సందేహం తీరదని, దేశం దాటరాదన్న రాజాజ్ఞ ఉన్నప్పటికీ 629 ప్రాంతంలో రహస్యంగా బయలుదేరారు. ఎడారులు, మంచుకొండలు దాటి నలందా చేరి, వృద్ధుడైన శీలభద్రుని వద్ద ఏళ్ల తరబడి చదివారు.

639 ప్రాంతంలో మన తెలుగు నేలకు వచ్చి వేంగిని, ధాన్యకటకాన్ని చూశారు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు పోలి ఉన్నదనీ గమనించారు. నలందాలో చదివి వచ్చిన పండితుడైనా, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నారు. ఆ ఇద్దరూ ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఉభయులూ గురువులే, ఉభయులూ శిష్యులే.

645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, 664లో మరణించే వరకు సుమారు 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చారు. 647లో మరొక పని పడింది. కామరూప రాజు కోసం లావోట్సే గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చమని చక్రవర్తి తాయిత్సుంగ్ ఆజ్ఞాపించాడు. అందులోని తావో అనే మాటకు బోధి అని పెట్టమని తావో పండితులు పట్టుబట్టారు. హ్యుయాన్‌త్సాంగ్ అంగీకరించలేదు. ఆ మాటకు దారి అని అర్థం గనుక మార్గం అనే పెట్టాలన్నారు. బౌద్ధ, తావో బోధలు వేరు గనుక బౌద్ధుల మాటతో తావో భావం చెప్పరాదని ఆయన వాదం. ఆ సంస్కృత ప్రతి నేడు లభించడం లేదు.

మార్చకూడని మాటలు కొన్ని ఉంటాయని కూడా ఆయన నియమం పెట్టుకున్నట్లు చెబుతారు. జంబూ వృక్షం చైనాలో లేదు గనుక ఆ పేరు అట్లాగే ఉంచాలి. భగవాన్ అన్న మాటకు అర్థాలు అనేకం గనుక దానినీ మార్చరాదు. మన రెవెన్యూ వారికి ఇది వింత కాదు. పహాణీ, జమాబందీ అన్న మాటలను మనమూ అట్లాగే ఉంచుకున్నాము కదా!

ఒక తప్పు ఒప్పుకుంటాను. నేను గుమాస్తాగా ఉన్న రోజులలో తండా నుంచి ఒక లంబాడా అవ్వ అర్జీ పట్టుకుని వచ్చింది. ఆమె మాట నాకు అర్థం కాలేదు. తెలుగులో చెప్పించుకుని రమ్మని పంపించాను. ఆమె మళ్లీ రాలేదు. తండాలు చుట్టూ ఉన్న చిట్యాల ప్రాంతంలో పుట్టి కూడా, వారి భాషలో పది మాటలు నేర్చుకోవాలని నాకు ఆనాడు తోచలేదు.

నేడు మన పిల్లలు పరదేశాలలో ఉన్నారు. ఇతర భాషల కోడళ్లు, అల్లుళ్లు ఇంటికి వస్తున్నారు. మన పద్ధతులు వారికి నేర్పాలని తొందరపడుతున్నాము. తప్పు లేదు. అయితే ధాన్యకటకంలో వలె ముందు మనమూ ఒక పాఠం చెప్పించుకుందాము. మనుమరాలి ఎదుట పలక పట్టి కూర్చోవడానికి పెన్షనరుకు వయసు అడ్డు కాదు.