స్ప్రింగ్ హుక్‌ది, ఆయిల్ న్యూటన్‌ది

ఆర్‌సీ బగ్గీ షాక్‌ని ఎప్పుడైనా విప్పి చూశారా? చూడకపోతే ముందు అదేంటో చెప్తాను. నేను రాయబోయే మనిషి కథ సగం అందులోనే ఉంది. వన్-టెన్త్ స్కేల్ ఆఫ్-రోడ్ బగ్గీ అంటే అసలు బండిలో పదో వంతు సైజు, బరువు సుమారు కిలోన్నర. నాలుగు చక్రాలకి నాలుగు షాకులు. ఒక్కోదానికి బయట ఒక స్ప్రింగ్, లోపల చిన్న గొట్టం నిండా సిలికాన్ ఆయిల్, ఆ ఆయిల్‌లో పైకీ కిందకీ కదిలే చిల్లుల పిస్టన్. అంతే. జంప్ నుంచి దిగినప్పుడు దెబ్బని స్ప్రింగ్ తీసుకుంటుంది. తర్వాత బండి బంతిలా ఎగురుతూ ఉండకుండా ఆయిల్ ఆపుతుంది.

ఇందులో స్ప్రింగ్ లెక్క రాబర్ట్ హుక్‌ది. ఎంత నొక్కితే అంత బలంతో తిరిగి తోస్తుంది. ఆయిల్ లెక్కకి మూలం ఐజాక్ న్యూటన్. ద్రవం ఎంత వేగంగా జరగాల్సి వస్తే అంత ఎదురు తిరుగుతుంది. తమాషా ఏంటంటే ఈ ఇద్దరికీ అస్సలు పడేది కాదు. మూడు వందల ఏళ్ళ తర్వాత మనం ఆ ఇద్దర్నీ బొటనవేలంత గొట్టంలో కలిపి పెట్టి, మట్టి ట్రాక్ మీద తిప్పుతున్నాం.

న్యూటన్ కథ మనందరికీ యాపిల్ చెట్టుతో సహా తెలుసు. హుక్ మాత్రం ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక్క ఫార్ములాగా వచ్చి వెళ్ళిపోయాడు. నేను బగ్గీ సెటప్ నేర్చుకుంటూ ఆ ఫార్ములా వెనక మనిషెవరా అని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఇతను మన బ్యాచ్ మనిషే అనిపించింది.

హుక్ 1635 జూలై 18న ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో చిన్న పాస్టర్. పిల్లాడికి ఎప్పుడూ తలనొప్పి, చదవనిచ్చేది కాదు. అందుకని ఇంట్లో కూర్చుని బొమ్మలు చేసేవాడు. ఒక పాత ఇత్తడి గడియారాన్ని విప్పుతుంటే చూసి, అలాంటిదే చెక్కతో చేశాడట, అది తిరిగిందట కూడా. ఇంకోసారి ఒక గజం పొడవున్న ఓడ చేశాడు. దానికి తెరచాపల తాళ్ళు, పేలే చిన్న చిన్న ఫిరంగులు. స్కేల్ మోడల్ పిచ్చి అంటే ఇదే కదా! రిమోట్ ఒక్కటే తక్కువ.

పదమూడేళ్ళకి తండ్రి పోయాడు. ఆయన వదిలిన కొద్ది డబ్బుతో లండన్ వెళ్ళి, పీటర్ లీలీ అనే పెద్ద పెయింటర్ దగ్గర చేరాడు. రంగుల వాసన పడలేదు. వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్‌కి మారాడు. అక్కడ యూక్లిడ్ మొదటి ఆరు పుస్తకాలు వారంలో ముగించాడని చెప్తారు. పదహారేళ్ళప్పటి నుంచి వెన్ను వంగడం మొదలైంది. లేత్ మీద వంగి పని చేయడం వల్లే అని అతని నమ్మకం. ఆ గూనితోనే ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, రాబర్ట్ బాయిల్‌కి అసిస్టెంట్ అయ్యాడు. బాయిల్స్ లా చదివాం కదా, ఆ బాయిల్ గాలి ప్రయోగాలకి వాడిన ఎయిర్ పంప్‌ని పని చేసేలా చేసిన చేతులు హుక్‌వి. లాకి పేరు మాత్రం బాయిల్‌ది.

1662లో రాయల్ సొసైటీ హుక్‌కి ఒక ఉద్యోగం ఇచ్చింది. ప్రతి వారం మీటింగ్‌లో కొత్త కొత్త ప్రయోగాలు చేసి చూపించాలి. మనకి సెమిస్టర్‌కి ఒక డెమో ఉంటేనే ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, అతను ఏళ్ళ తరబడి వారం వారం చేశాడు. జీతం సరిగ్గా వచ్చేది కాదు. సర్ జాన్ కట్లర్ అనే వ్యాపారి లెక్చర్లు ఇస్తే ఏటా 50 పౌండ్లు ఇస్తానని మాటిచ్చి ఎగ్గొట్టాడు. ఆ కేసు హుక్ గెలిచింది 1696లో, సరిగ్గా తన 61వ పుట్టినరోజున.

ఇప్పుడు బగ్గీ వాళ్ళకి కావలసిన సంవత్సరం, 1665. ఆ ఏడాది జనవరిలో అతని మైక్రోగ్రాఫియా పుస్తకం మార్కెట్‌లోకి వచ్చింది. మైక్రోస్కోప్ కింద చూసిన ఈగ కన్ను, పేను, బెండు ముక్క అందులో ఉన్నాయి. బెండులో కనిపించిన చిన్న గదులకి అతను పెట్టిన పేరే సెల్. అదే ఏడాది మే 1న రాయల్ సొసైటీ వాళ్ళు కొందరు కర్నల్ బ్లౌంట్ అనే ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళారు. హుక్ కూడా ఉన్నాడు. భోజనం సాకు మాత్రమే, అసలు పని గుర్రపుబండ్ల టెస్టింగ్. కుదుపు తగ్గించడానికి రకరకాల బండ్లు తయారుగా ఉన్నాయి. అందులో ఒకదాని బాడీ మొత్తం ఒకే ఒక పొడవాటి స్ప్రింగ్ మీద కూర్చుని ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి తిరిగి చూశారు, చాలా హాయిగా ఉందని తేల్చారు. ఇదంతా శామ్యూల్ పీప్స్ డైరీలో ఉంది. ఆ వేసవిలో ప్లేగు ముదిరితే హుక్, ఇంకో ఇద్దరు లండన్ వదిలి ఎప్సమ్ దగ్గర ఒక పెద్ద బంగళాలో మకాం పెట్టారు. ఆగస్టులో అక్కడికి వెళ్ళిన జాన్ ఈవ్లిన్, వాళ్ళు కొత్త రథాలు, పందేలు పరిగెత్తడానికి ఒక చక్రం తయారు చేస్తున్నారని రాసుకున్నాడు. లాక్‌డౌన్‌లో మనం ఏం చేశామో గుర్తు తెచ్చుకుని పోల్చుకోండి.

1666 అగ్నిప్రమాదంలో లండన్ తగలబడ్డాక నగరాన్ని తిరిగి కొలిచిన సర్వేయర్లలో హుక్ ఒకడు. పగలు గొలుసు పట్టుకుని స్థలాల తగాదాలు తీర్చడం, సాయంత్రం ప్రయోగాలు, రాత్రి కాఫీ హౌస్‌లో వాదనలు. బుర్ర నిండా ఐడియాలు. ఒక్కటి పూర్తయ్యేలోపు ఇంకో మూడు. బగ్గీ వెనక చక్రాలకి పవర్ తీసుకెళ్ళే షాఫ్ట్ చివర యూనివర్సల్ జాయింట్ ఉంటుంది, దాన్ని బ్రిటన్‌లో ఇప్పటికీ హుక్స్ జాయింట్ అంటారు. అతను దాన్ని సూర్యుణ్ణి చూసే పరికరాల కోసం వివరించాడు. సస్పెన్షన్ ఊగుతున్నా చక్రం తిరుగుతూనే ఉండడానికి అదే పనికొచ్చింది.

స్ప్రింగ్ సంగతి ఎలా బయటపెట్టాడో చూడండి. 1676లో ఒక పుస్తకం చివర 14 లాటిన్ అక్షరాలు ఆల్ఫాబెటికల్ ఆర్డర్‌లో పేర్చి అచ్చు వేసి వదిలేశాడు. చూసేవాళ్ళకి అది చెత్త. రెండేళ్ళ తర్వాత, 1678లో, ఆ అక్షరాల్ని సరిగ్గా పేర్చి అర్థం చెప్పాడు. సాగుదల ఎంతో బలం అంత అని. సీఎస్ఈ వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. హాష్ ముందు పబ్లిష్ చేసి, అసలు ఫైల్ తర్వాత చూపించడమే. ఐడియా ముందు నాదే అనడానికి సాక్ష్యం ఉంటుంది, కానీ ఎవడూ కాపీ కొట్టలేడు. అప్పటికే వాచీ స్ప్రింగ్ విషయంలో హాలండ్ సైంటిస్ట్ హైగెన్స్‌తో ముందెవరు అన్న గొడవ నడిచింది. ఆ భయం ఇందులో కనిపిస్తుంది. ఆ 1678లోనే అతని అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. పుస్తకం మాత్రం ఆగలేదు.

ఆ లాని నేను కిచెన్ తూకం మీద చూశాను. బగ్గీ వెనక స్ప్రింగ్ ఒకటి తీసి స్కేల్ పక్కన పెట్టి నొక్కితే, 5 మిల్లీమీటర్లకి సుమారు 180 గ్రాములు, 10కి 360, 15కి 540. గీత గీస్తే నిటారు లైన్. సెటప్‌లో చాలామందికి ఉండే ఒక డౌట్ ఈ లైన్‌తో తీరిపోతుంది. షాక్ మీద ఉన్న కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని అనుకుంటారు. గట్టిపడదు. లైన్ వాలు మారలేదు కదా. మోయాల్సిన బరువు అంతే, కాబట్టి బండి నిలబడినప్పుడు స్ప్రింగ్ నొక్కుకునేది కూడా అంతే, బాడీ మాత్రం కొంచెం పైకి లేస్తుంది. కాలర్ ఉన్నది ఎత్తు సరిచేయడానికి. గట్టిదనం కావాలంటే స్ప్రింగే మార్చాలి. స్ప్రింగ్ గట్టిది వేస్తే ఆయిల్ కూడా చిక్కటిది వేయాలి, లేకపోతే గుంతల మీద చక్రం నేలని వదిలేసి గంతులు వేస్తుంది. మన మే నెల ఎండకి ఆయిల్ పల్చబడుతుంది, అందుకే జనవరిలో బాగా నడిచిన సెటప్‌కి ఎండాకాలం ఒక మెట్టు చిక్కటి ఆయిల్ పడుతుంది. అంటే హుక్‌ని మారిస్తే న్యూటన్‌ని కూడా అడగాలి.

అసలు మనుషులు మాత్రం అలా అడుక్కోలేదు. 1672లో న్యూటన్ వెలుగు, రంగుల మీద పేపర్ పంపితే హుక్ అందరిముందూ విమర్శించాడు. న్యూటన్ అది మర్చిపోలేదు. 1679 చివర హుక్ సొసైటీ తరఫున న్యూటన్‌కి ఉత్తరాలు రాశాడు. గ్రహం తిన్నగా పోదామనుకుంటుంది, సూర్యుడు లోపలికి లాగుతాడు, ఆ రెండూ కలిస్తేనే కక్ష్య అనే ఆలోచన వాటిలో ఉంది. దూరం వర్గం పెరిగినకొద్దీ ఆ లాగుడు తగ్గుతుందని 1680 జనవరి ఉత్తరంలో ఉంది. కానీ ప్రూఫ్ లేదు. 1684లో హుక్, క్రిస్టఫర్ రెన్, ఎడ్మండ్ హాలీ కూర్చుని మాట్లాడుకుంటుంటే హుక్ తన దగ్గర ప్రూఫ్ ఉందన్నాడు. రెన్ రెండు నెలలు టైమిచ్చి, తెస్తే 40 షిల్లింగుల పుస్తకం బహుమతి అన్నాడు. హుక్ తేలేదు. హాలీ కేంబ్రిడ్జ్ వెళ్ళి న్యూటన్‌ని అడిగాడు, 1687లో ప్రిన్సిపియా వచ్చింది. తనకి క్రెడిట్ రావాలని హుక్ అడిగేసరికి న్యూటన్‌కి కోపమొచ్చి, పుస్తకంలో అతని పేరున్న చోట్లు తగ్గించేశాడు.

ఇక్కడ ఎవరి వైపు ఉండాలి? నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే ఇది నాకు కథ మాత్రమే కాదు. మా మినీ ప్రాజెక్ట్‌లో ఐడియా నా ఫ్రెండ్‌ది, కోడ్ మొత్తం నాది. రిపోర్ట్ మీద మొదటి పేరు ఎవరిదని రెండు వారాలుగా తెగలేదు, మెస్‌లో కూడా వేరే వేరే టేబుల్స్. కోడ్ లేకుండా ఐడియా ఎందుకు అని నా వాదన. న్యూటన్ వాదన కూడా అచ్చం అదే. లెక్క చేయనివాడికి వాటా ఏంటని. ప్రిన్సిపియా రాయడం హుక్ వల్ల అయ్యేది కాదు, ఆ గణితం అతని దగ్గర లేదు, అది నిజం. కానీ 1679 ఉత్తరాలు రాకపోతే న్యూటన్ ఆ వైపు అప్పుడు చూసేవాడా అన్నది కూడా నిజమైన ప్రశ్నే. ఒక్క లైన్ థాంక్స్ రాయడానికి న్యూటన్‌కి పోయేదేమీ లేదు. రాయకపోవడం వల్ల హుక్‌కి చివరి పదహారేళ్ళూ పోయాయి.

1703 మార్చి 3న గ్రెషమ్ కాలేజీలోని తన గదుల్లో హుక్ చనిపోయాడు. చూపు మందగించి, కాళ్ళు వాచి, బీదవాడిలా బతికాడు. తర్వాత పెట్టె తెరిస్తే సుమారు 8,000 పౌండ్లు. అదే ఏడాది నవంబర్‌లో న్యూటన్ రాయల్ సొసైటీ ప్రెసిడెంట్ అయ్యాడు. వెలుగు మీద పెద్ద పుస్తకాన్ని 1704లో, హుక్ పోయాకే అచ్చు వేశాడు. ఇది హుక్ బొమ్మ అని అందరూ ఒప్పుకునే చిత్రం ఈరోజుకీ ఒక్కటి లేదు. న్యూటనే తీయించేశాడని ఒక ప్రచారం ఉంది, దానికి రుజువు లేదు కాబట్టి నేను ఆ మాట అనను.

మా రిపోర్ట్ సోమవారం ఇవ్వాలి. మొదటి పేజీలో పేర్లు ఆల్ఫాబెటికల్ ఆర్డర్‌లో పెట్టి, కింద ఎవరు ఏం చేశారో రెండు లైన్లు రాశాను. ఐడియా వాడిదని మొదటి లైన్. ఫైల్ వాడికి పంపాను, ఇంకా చూడలేదు. ఆల్ఫాబెటికల్ ఆర్డర్‌లో వాడి పేరే ముందొస్తుంది.