ఆ కొండల బొమ్మల వెనక...

మన ఇళ్లలో ఆల్బమ్ తిరగేసి చూడండి. ఏ ఊటీ ఫోటోలోనూ కొండ సరిగ్గా కనిపించదు. కొండకు అడ్డంగా మనమే కనిపిస్తాం. పిల్లలు, మరిది, తోడికోడలు, కాళ్ల దగ్గర ఫ్లాస్కు, వెనకెక్కడో కాస్త పచ్చదనం. మనిషి లేని ఫోటోకి రీలు తగలెయ్యడం దండగనుకునేవాళ్లం. రీళ్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చినా ఆ అలవాటు మాత్రం పోలేదు. అలాంటిది మనుషుల్ని పక్కకు తప్పించి, కొండనీ మబ్బునీ చెట్టునీ చూడ్డానికే బతుకంతా ఖర్చుపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనే అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్. పేరు తెలియకపోయినా ఆయన తీసిన నలుపు తెలుపు కొండల బొమ్మల్ని ఏ క్యాలెండరు మీదో, గ్రీటింగ్ కార్డు మీదో మనలో చాలామందిమి చూసే ఉంటాం.

ఆయన కథ చదువుతూ చదువుతూ నేను ఇంకొకరి దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

బడిలో ఇమడని పిల్లాడు

ఆన్సెల్ 1902 ఫిబ్రవరి 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో, 1906 నాటి పెద్ద భూకంపం వచ్చింది. మొదటిసారి ఊగినప్పుడు ఏమీ కాలేదు గానీ, తర్వాత వచ్చిన అదురుకి తోట గోడకి కొట్టుకుని ముక్కు వంకరపోయింది. అది చివరిదాకా అలాగే ఉండిపోయింది. తండ్రి కలప వ్యాపారం దెబ్బతింది. పిల్లాడు చూస్తే కుదురులేనివాడు, ఏ బడిలోనూ నిలవడు. పన్నెండేళ్లు వచ్చేసరికి తండ్రి బడి మాన్పించేసి ఇంట్లోనే చదువు చెప్పించాడు. 1915లో ఊళ్లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఏడాది టికెట్టు కొనిచ్చి, రోజూ వెళ్లి చూసి రమ్మన్నాడు. మనమైతే ఇంకో రెండు ట్యూషన్లు పెట్టి ఉండేవాళ్లం! ఆ తండ్రి ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పియానో తనంతట తానే మొదలుపెట్టి, దాన్నే వృత్తి చేసుకోవాలనుకున్నాడు. ఇంతలో 1916లో ఒంట్లో బాగాలేక మంచం మీద ఉన్నప్పుడు, పిన్ని ఇచ్చిన పుస్తకంలో యొసెమిటీ లోయ గురించి చదివాడు. అంతే, అక్కడికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లని పీకి పాకం పెట్టాడు. ఆ వేసవిలోనే వెళ్లారు. చేతికి ఓ చిన్న కొడాక్ బ్రౌనీ పెట్టె కెమెరా ఇచ్చారు. మొద్దు ఎక్కి ఫోటో తీయబోతే అది విరిగి తలకిందులుగా పడ్డాడట. పడుతూనే నొక్కేశాడు, ఆ బొమ్మ తలకిందులుగానే వచ్చింది. ఆ ఏడాది మొదలు, చనిపోయేదాకా ఒక్క సంవత్సరం కూడా యొసెమిటీకి వెళ్లకుండా లేడు.

పియానో కోసం వెళ్లి...

ఆ లోయలో హ్యారీ బెస్ట్ అనే చిత్రకారుడికి ఓ కొట్టుండేది. బొమ్మలూ, యాత్రికులకి కావలసిన వస్తువులూ అమ్మేవాడు. అక్కడో పాత పియానో ఉంది. సాధన చేసుకోడానికి 1921లో ఆన్సెల్ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆయనగారి కూతురు వర్జీనియాకి అప్పుడు పదిహేడేళ్లు. మంచి గొంతు, శాస్త్రీయ గాయని కావాలని ఆశ. ఇద్దరూ దగ్గరయ్యారు. పెళ్లి అనుకోవడం, మానుకోవడం, మళ్లీ అనుకోవడం... ఇలా ఆరేళ్లకు పైగా సాగింది.

1927 ఏప్రిల్ 10న వర్జీనియా, మరికొందరు స్నేహితులతో కలిసి ఆన్సెల్ మంచులో పైకెక్కాడు. ఎదురుగా హాఫ్ డోమ్ కొండ. బోర్లించిన గిన్నెని నిలువునా సగానికి కోసినట్టుంటుంది. లోయ నుంచి నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. తెచ్చుకున్న పన్నెండు గాజు పలకల్లో అప్పటికి రెండే మిగిలాయి. మొదటిదానికి మామూలుగా వాడే పసుపు ఫిల్టర్ పెట్టి తీశాడు. తీశాక అనుమానం వచ్చింది. కొండ ఉన్నదున్నట్టు వస్తుంది సరే, దాన్ని చూసి తన గుండె ఝల్లుమన్న సంగతి అందులో ఎక్కడ వస్తుంది? చివరి పలకకి చిక్కటి ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం ఇంచుమించు నల్లగా మారి, ఆ రాయి గుండెల మీదికి వస్తున్నట్టు పడింది. తీయకముందే బొమ్మని మనసులో పూర్తిగా చూసుకోవడం ఆ రోజు మొదలైందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

1928 జనవరి 2న ఆ కొట్టులోనే పెళ్లి. అనుకోవడమూ చేసుకోవడమూ రెండు మూడు రోజుల్లో జరిగిపోయాయి. పెళ్లి గౌను కొనుక్కునే వ్యవధి లేక, వర్జీనియా ఉన్నవాటిలో మంచిది వేసుకుంది. అది నల్లది!

కాటుక నుంచి ముగ్గు దాకా

ఆన్సెల్‌కి నచ్చేవి ఏమిటంటే, కాలం అరగదీయలేని రాయి, తుఫాను వెలిశాక విచ్చుకునే మబ్బు, తెల్లవారుజాము వెలుగు. ఫోటోని పెయింటింగులా మసకమసగ్గా తీయడం గొప్పనుకునే రోజులవి. అది ఆయనకి సరిపడలేదు. ప్రతి గడ్డిపోచా విడివిడిగా కనపడాలి. 1932లో అదే అభిప్రాయం ఉన్నవాళ్లతో కలిసి ఎఫ్ 64 అనే బృందం పెట్టాడు. తర్వాత ఫ్రెడ్ ఆర్చర్ అనే సహోపాధ్యాయుడితో కలిసి నలుపు తెలుపుల మధ్య ఛాయల్ని సున్నా నుంచి పది వరకూ మెట్లుగా విడదీసి ఓ పద్ధతి తయారుచేశాడు. మన భాషలో చెప్పాలంటే, కాటుక నలుపు నుంచి ముగ్గు తెలుపు దాకా మధ్యలో ఎన్ని రంగులున్నాయో లెక్క కట్టడమన్నమాట.

ఆ లెక్క నోటికి రావడం 1941లో అక్కరకొచ్చింది. న్యూమెక్సికోలో కారులో వస్తుంటే హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు, శ్మశానంలో శిలువల మీద ఆఖరి ఎండ. వెలుగు కొలిచే మీటరు ఎంత వెతికినా దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో గుర్తుండబట్టి దాన్ని బట్టి లెక్కకట్టి తీసేశాడు. రెండోది తీసేలోగా శిలువల మీంచి ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి వెయ్యికి పైగా ప్రతులు వేశాడు.

ఇక ఆవిడ సంగతి

నేను ఆగిపోయానన్నది వర్జీనియా దగ్గరే. కొండల్ని కాపాడే సియెర్రా క్లబ్ పాలకవర్గానికి ముందు ఎన్నికైంది ఆయన కాదు, ఆవిడ! 1931లో. 1933లో కొడుకు పుట్టాడు. ఆ సమయానికి ఆయన కొండల మీద ఉన్నాడు. చంటిపిల్లాడితో ఆవిడ తప్పుకుంది. 1934లో ఆ కుర్చీలోకి ఆయన వచ్చాడు, 1971 దాకా కొనసాగాడు. 1935లో కూతురు పుట్టింది. 1936లో తండ్రి పోతే కొట్టు ఆవిడ మీద పడింది. మరుసటి ఏడు అక్కడి డార్క్‌రూమ్ అంటుకుని వేల నెగెటివ్‌లు కాలిపోయాయి. హాఫ్ డోమ్ గాజు పలక అంచులు మాడినా బతికి బయటపడింది.

ఏళ్ల తరబడి ఆయన ఫోటోలకి పెద్దగా డబ్బు రాలేదు. కంపెనీల ప్రకటనలకీ ఫోటోలు తీశాడు. ఇల్లు నిలబడటంలో ఆ కొట్టుది పెద్ద పాత్ర. నాసిరకం బొమ్మలు కాకుండా, ఆదివాసుల మంచి చేతిపనులూ పుస్తకాలూ తెప్పించి అమ్మింది వర్జీనియా. పాట మాత్రం వెనకపడిపోయింది.

ఆర్థిక మాంద్యం, యుద్ధం నడుస్తుంటే రాళ్లకి ఫోటోలు తీస్తాడా అని ఆయన్ని వెక్కిరించినవాళ్లున్నారు. ఆ రాళ్లే జవాబు చెప్పాయి. 1936లో తన ఫోటోలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్లి నాయకులకి చూపించాడు. 1938లో పుస్తకం వేసి పంపాడు. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ ఉద్యానవనమైంది. 1943లో మాంజనార్ వెళ్లి, జపాన్ మూలాలున్నందుకు ముళ్లకంచె వెనక పెట్టిన అమెరికన్ల ముఖాలు తీశాడు. అంటే మనుషులు పట్టనివాడేమీ కాదు.

కానీ ఒక్కటి అనకుండా ఉండలేను. యొసెమిటీ మనుషుల్లేని చోటు కాదు. అక్కడి ఆదివాసుల్ని 1851లో సాయుధ దళం తరిమింది. ఆయన తిరిగిన కాలంలోనూ కొన్ని కుటుంబాలు లోయలోనే ఉండేవి. ఫోటోల్లోని ఆ నిర్జన సౌందర్యానికి వెనక ఆ కథ కూడా ఉంది.

మాంజనార్ దగ్గర్లోనే లోన్‌పైన్ అనే ఊరుంది. అక్కడ సూర్యోదయం కోసం వరసగా నాలుగు పొద్దులు చలిలో కాచుకున్నాడు, కుదరలేదు. ఐదో రోజు కుదిరింది. ముందు మేస్తున్న గుర్రం అటు తిరిగి నిలబడింది. ఎండ పడే క్షణానికి పక్కకి తిరిగింది, నొక్కాడు. అక్కడి గుట్ట మీద బడిపిల్లలు సున్నంతో పెద్ద అక్షరాలు రాసి ఉంటే, ఆయన వాటిని ప్రతిలో కనపడకుండా చెరిపేశాడు. గుర్రం ఉంది, అక్షరాలు లేవు. ఆ చలిలో ఆయన పక్కన వర్జీనియా కూడా ఉంది. ఫోటోలో లేదు.

1980లో అమెరికా ప్రభుత్వం ఆయనకి అత్యున్నత పౌర పురస్కారమిచ్చింది. 1984 ఏప్రిల్ 22న, 82వ ఏట పోయాడు. మరుసటి ఏడు ఓ శిఖరానికి ఆయన పేరు పెట్టారు. ఆవిడ 2000 దాకా బతికింది. పుట్టింటి పేరుతో సాగిన ఆ కొట్టు 1970ల మొదట్లోనే ఆన్సెల్ ఆడమ్స్ గ్యాలరీ అయింది.

ఆయన గొప్పతనం తగ్గించాలని ఇదంతా రాయలేదు. ఆ కొండలంటే నాకూ ఇష్టమే. కాకపోతే ఇప్పుడు హాఫ్ డోమ్ బొమ్మ ఎక్కడ కనపడ్డా, ఆ మంచులో కెమెరా పక్కన నిలబడి, ఆయన ఫిల్టర్ మార్చేదాకా ఆగిన ఇరవైమూడేళ్ల అమ్మాయి కూడా నాకు కనిపిస్తోంది.